పదహారున్నర

హసావిలో మూడో అంతస్తు.
ఏసీ నీళ్లు కారే గోడ పక్కన నా మిషను.
అరబ్బోళ్ల దిష్‌దాషాలు కుడతా.
మెడ, భుజం, చెయ్యి, నిడివి,
మనిషి గడప దాటేలోపే అంకెలు నోట్లోకొస్తాయి.

ఆరో నెలలో మాబున్నికి టోపీ కుట్టినా,
మిగిలిన తెల్లగుడ్డ పేలికతో.
చుట్టుకొలత పదహారున్నర.
పెరిగే బిడ్డ గదా,
లోపల రెండు మడతలు దాచి పెట్టినా
రేపు విప్పుకోవచ్చని.

ఏడాది నిండింది. టోపీ సరిపోయింది.
ఏడాదిన్నర. సరిపోయింది.
"మీ వంశంలో తలకాయలు చిన్నవేలే"
అనింది కాశింబీ, నవ్వకుండా.
రాత్రి బిడ్డ నిద్రపోయినాక
దొంగ మాదిరి టేపు చుట్టి చూసినా.
పదహారున్నర.
ఇంట్లో అబద్ధం చెప్పనిది అదొక్కటే.

అప్పటికే మాటలు వెనక్కి పోతాండాయి.
మెట్ల కింది పిల్లిని చూసి "మ్యా" అనేది.
"లైటు" అనేది. "అబ్బా" అనేది.
ముందు పిల్లి పోయింది,
తర్వాత లైటు పోయింది,
కడాకు నేనూ పోయినా.
పేరు గుర్తురాని మనిషిని చూసినట్టు
నా మొగం చూస్తా కూచుంటాది.
కూచుంటాది అంటే,
దిండ్లు ఆనిస్తే.

ఎత్తి నిలబెడితే కాళ్లు రెండూ కత్తెర పడతాయి.
మునివేళ్ల మీదే నిలబడతాది,
ఆగస్టు నెల డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడినట్టు.
మడమ నేలకు ఆనదు.

మిసిరీ డాక్టరమ్మ దగ్గర కూడా టేపుంది, కాయితంది.
నా అంకే ఆమె సెంటీమీటర్లలో చెప్పింది.
తర్వాత రక్తం. బిడ్డది, తల్లిది, నాది.
ఆమె చాలాసేపు చెప్పింది,
నాకు అర్థమైంది నా పని భాషలో:
ఈ వయసులో మెదడు ఇంకా కుట్టు పడని గుడ్డ,
అంతా టాకాల మీదే నిలబడి ఉంటాది.
ఆ టాకాలను లోపల్నించి
ఎవరో ఒక్కొక్కటే లాగేస్తాండారు.

ఎవరినుంచి వచ్చిందని కాశింబీ అడగలేదు.
అన్నం పెట్టింది. పక్కకు తిరిగి పడుకునింది.
అడిగుంటే బాగుండు.
ఈ దేశానికొచ్చినప్పుడు నా కాయితం మీద
'ఫిట్' అని సీలు కొట్టినారు.
ఆ సీలుకూ ఈ బిడ్డకూ నడుమ
ఏదో ఒక రాత్రి ఉంది.
ఏదో కాదు. నాకు తెలుసు.

సిరప్పు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి.
చేదు. ఖర్జూరం గుజ్జులో కలిపితే మింగుతాది,
కలిపిన సంగతి కనిపెడితే ఉమ్ముతాది.
అది కనిపెట్టిన రోజు
కాశింబీ నాకేసి చూసింది, చానా రోజులకు.

కాళ్లు చూసే షైనీ సిస్టరు ఒకటే మాట:
మడమ ఆనాల, మడమ ఆనాల.
ఒక శుక్రవారం బిడ్డను తొడ మీద కూచోబెట్టుకుని
మిషను పెడలు ఆ మడమ కిందికి జరిపినా.
మోకాలు మెల్లగా నొక్కి పట్టుకున్నా.
ఎంతసేపో.
ర్ర్‌ర్ మనింది మిషను.
గుడ్డ లేదు, దారం లేదు, ఉత్త సూది ఆడింది.
బిడ్డ ఉలిక్కిపడి,
మళ్లీ తొక్కింది.

నాలుగు నెలలకు టేపు పదహారు ముప్పావు చూపించింది.
నేను బిగించి పట్టలేదేమో.
మళ్లీ కొలవడానికి ధైర్యం చాల్లేదు.

మందు రాసిన డాక్టరమ్మే
మా పేర్లూ పైకి రాసి పంపాల. అది రూలు.
చెప్పేటప్పుడు ఆమె కండ్లెత్తలేదు,
బిడ్డ సాక్సు సరిచేస్తానే ఉండింది.
వేలిముద్రలు వేసినాం, పదీ పదీ.
రెండు నెలల సిరప్పు, తడిగుడ్డలో చుట్టి.

మిషను కింది అంతస్తు బెంగాలీకి అమ్మినా.
పెడలు మాత్రం వైరు కోసి
బిడ్డ గుడ్డల నడుమ పెట్టుకున్నా.
పెడలు లేని మిషనని
ఐదు దినార్లు తగ్గించినాడు.

తగ్గించుకోనీ.